నాగాయలంక ఎక్స్‌రే గదిలో రెండు పోర్టులు

నాగాయలంకలో మా ట్రస్టు ఆసుపత్రి ఎక్స్‌రే గదిని మూసేసి యంత్రాన్ని గుడివాడకు తరలిస్తారన్న సంగతి నాకు బందరు బస్టాండులో తెలిసింది. చెప్పింది ఆ గదిని నడిపే ఆవిడే. ట్రస్టు మీటింగుకు వచ్చి, తిరుగు బస్సు కోసం బెంచీ మీద కూర్చుని ఉంది. చేతిలో పునుగుల పొట్లం విప్పకుండానే చల్లారిపోతోంది.

"నెలాఖరు దాకా చూస్తారంటండి. ఇంకొక్కసారి బొమ్మలు ఆగిపోతే మిషను గుడివాడ పట్టుకుపోతారంట," అంది. "కాలు విరిగినోడిని నాగాయలంక నుంచి బందరు దాకా బస్సులో తీసుకొస్తే రెండో కాలు కూడా విరుగుద్దండీ అన్నాను మీటింగులో. అందరూ నవ్వారు. నవ్వారంటే నా పని అయిపోయినట్టే కదండీ అక్కగారూ."

బొమ్మలంటే ఎక్స్‌రే చిత్రాలు. వాటిని చదివే డాక్టరు బందరు ఆసుపత్రిలో ఉంటారు. ఇదివరకు ఫిల్ములను కవర్లో పెట్టి బస్సు డ్రైవరు చేతికిచ్చేవారు. సాయంత్రానికి చేరితే చేరినట్టు. ఇప్పుడు ఎక్స్‌రే గది మూలలో ఒక చిన్న కంప్యూటరు ఉంది. దాన్ని సర్వర్ అంటాం. దాని వెనక తీగలు గుచ్చే పోర్టులు రెండు ఉంటాయి. ఒకదానికి ఎక్స్‌రే యంత్రం నుంచి తీగ వస్తుంది. రెండోదాని నుంచి ఇంటర్నెట్ పెట్టెకు తీగ వెళ్తుంది. బొమ్మ ఒకవైపు నుంచి లోపలికి వచ్చి, రెండోవైపు నుంచి బందరు వెళ్లాలి. ఆ సర్వర్ చేయాల్సిన పని అంతే. ఆ పనే అప్పటికి రెండుసార్లు ఆగిపోయింది.

ట్రస్టు ఆసుపత్రులన్నిటిలోనూ ఇలాంటి సర్వర్లను చూసేది నేనూ, గుడివాడ నుంచి వచ్చే ఒక ఇంజనీరూ. నేను ఇంజనీరును కాను. ఒక దినపత్రిక బందరు ఆఫీసులో చాలా ఏళ్లు డెస్కు పని చేశాను. కంప్యూటర్లు వచ్చిన కొత్తలో వాటిని భయపడకుండా ముట్టుకున్నదాన్ని నేనే కాబట్టి అవి పాడైతే బాగుచేయించే బాధ్యత కూడా నాకే వచ్చింది. ఉద్యోగం మానేశాక ట్రస్టువాళ్లు ఆ బాధ్యత కోసమే పిలిచారు. ఇంజనీరుది గుడివాడ పక్క వ్యవసాయ కుటుంబం. బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచి పని చేస్తానని వచ్చి, మళ్లీ వెనక్కి వెళ్లలేదు. నాకంటే బాగా చిన్నవాడు. నన్ను అక్కా అంటాడు.

తీరం దగ్గర యంత్రాలు ఎక్కువకాలం బతకవు. ఉప్పుగాలి ఒకవైపు, పోతూ వస్తూ ఉండే కరెంటు ఒకవైపు. సర్వర్ చచ్చిపోయిన ప్రతిసారీ మేము బస్సెక్కి వెళ్లి, దాని ముందు కూర్చుని, దాన్ని నడిపే సిస్టంను మళ్లీ మొదటి నుంచి ఎక్కిస్తూ, అంటే ఇన్‌స్టాల్ చేస్తూ, అది అడిగే ప్రశ్నలకు ఒక్కొక్కదానికీ జవాబు కొడుతూ పూట గడిపేవాళ్లం. బస్టాండు సంగతి చెప్పగానే ఇంజనీరు అన్నాడు:

"అది ఏమేం అడుగుద్దో మనకి తెలుసు కదక్కా. జవాబులన్నీ ముందే ఒక ఫైల్లో రాసి పెన్‌డ్రైవ్‌లో పెడదాం. గుచ్చి స్విచ్ వేస్తే అదే ఎక్కించుకుంటుంది. మనం వెళ్లక్కర్లేదు."

ఆ మాట విన్న రోజు నాకు ఇంట్లో కాలు నిలవలేదు. ఒక్క పెన్‌డ్రైవ్‌ను కవర్లో పెట్టి బస్సులో పంపిస్తే చాలు, దివిసీమ చివరి ఊళ్లో చచ్చిపోయిన సర్వర్ లేచి కూర్చుంటుంది. రాత్రి పన్నెండుకు వార్త పంపితే తెల్లారేసరికి హంసలదీవిలో టీ కొట్టు దగ్గర చదువుతారన్న ఊహ కొత్తలో ఎలా ఉండేదో, ఇదీ అలాగే అనిపించింది.

ట్రస్టు కొన్న కొత్త సర్వర్లు అన్నీ ఒకే రకానివి. మొదటి ప్రయత్నం గుడివాడలో చేశాం. పెన్‌డ్రైవ్ గుచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాం. తెర మీద అక్షరాలు వరదనీళ్లలా పైకి పాకుతున్నాయి. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. కావలసినవన్నీ ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంది, సర్దుకుంది, తనంతట తాను ఆగి మళ్లీ మొదలైంది. లేచాక మాత్రం మూగదైపోయింది. అంతకుముందు నిమిషం దాకా బయట ప్రపంచంతో మాట్లాడిన యంత్రం ఇప్పుడు పిలిచినా పలకదు.

ఇంజనీరు ఏవో రెండు ముక్కలు టైపు చేసి, తెరకేసి చూసి, కుర్చీలో వెనక్కి వాలాడు.

"అక్కా, ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు ఈ పోర్టు పేరు ఒకటి. లేచాక ఇంకోటి."

"పోర్టు అదేగా?"

"అదే. పేరే మారింది. మనం ఫైల్లో పాత పేరుకి పని చెప్పాం. ఇప్పుడు ఆ పేరుతో ఇంట్లో ఎవరూ లేరు."

నాకు వెంటనే డెస్కు గుర్తొచ్చింది. అక్కడ ప్రతి వార్తకూ లోపల ఒక పొట్టి పేరు ఉంటుంది. రిపోర్టరు 'తుఫాను' అని పంపిన వార్తను ఎవరో సర్దుతూ 'వాన' అని మారుస్తారు. పేజీ పెట్టే ఆయన తుఫాను కోసం వెతికి, లేదని, ఆ చోట ఏదో సన్మానం ఫోటో వేసేస్తాడు. వార్త ఎక్కడికీ పోదు. పక్కనే ఉంటుంది.

ఇక్కడా జరిగింది అదే. ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రాము పోర్టులను కనబడిన వరసలో సున్నా, ఒకటి అని లెక్కపెడుతుంది. ఎక్కిన తర్వాత లేచే సిస్టం అలా లెక్కపెట్టదు. పోర్టు యంత్రంలో ఏ చోట బిగించి ఉందో చూసి, ఆ చోటును బట్టి పేరు పెడుతుంది. రెంటినీ ఒకే పద్ధతికి తెస్తే సరి. ఏ పద్ధతికి అన్నదే ప్రశ్న.

"లెక్క వద్దక్కా," అన్నాడు ఇంజనీరు. "మా కాలవ మీద తూములకి నంబర్లేశారు. మధ్యలో కొత్త తూము ఒకటి పెట్టేసరికి కిందవాటన్నిటి నంబర్లూ జరిగినియ్. ఇప్పుడు ఎవడూ నంబరు చెప్పడు. గేదెలు దిగే తూము, పగిలిన తూము అంటారు. చోటు మారదు కదా. చోటుని బట్టే పెడదాం."

పెన్‌డ్రైవ్‌లో ఒక్క మాట చేర్చాడు. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు కూడా చోటును బట్టే పేరు పెట్టమని. మళ్లీ గుచ్చాం. ఈసారి లేచి పలికింది. సర్వర్లన్నీ ఒకే రకానివి కాబట్టి అన్నిటిలోనూ చోట్లూ అవే, పేర్లూ అవే. మొవ్వలో పలికింది. తర్వాత పెన్‌డ్రైవ్ ఒంటరిగా బస్సెక్కి నాగాయలంక వెళ్లింది. ఆ మధ్యాహ్నం ఫోను వచ్చింది.

"అక్కగారూ, లేచిందండి. నేను చేసిందల్లా స్విచ్ వెయ్యడమే. బందరు నుంచి డాక్టరుగారు ఎవరిదీ మోకాలు అని అడిగారు. నాదేనండీ, చూద్దామని తీశాను అన్నాను."

వారం తిరగకముందే ఆ ఫోనే మళ్లీ మోగింది. బొమ్మలు రావడం లేదు. నెలాఖరు దగ్గరపడింది. యంత్రాన్ని మోసుకెళ్లే వ్యాను గురించి ట్రస్టు ఆఫీసులో అప్పుడే మాట్లాడుకుంటున్నారు.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాం. చల్లపల్లి దాటేదాకా ఇంజనీరు తీగ తెగి ఉంటుందన్నాడు. అవనిగడ్డ దగ్గర, కరెంటు దెబ్బ అన్నాడు. అవనిగడ్డ దాటాక రోడ్డుకు అటూ ఇటూ రొయ్యల చెరువులు, వాటిలో నీళ్లను చిలుకుతూ తిరిగే చక్రాలు. కిటికీలోంచి వచ్చే గాలి పెదవుల మీద ఉప్పగా తగులుతోంది. నేను ఏమీ ఊహించలేదు. ప్రమాదం వార్త రాసేటప్పుడు ఏం విరిగింది అని కాదు, అంతకుముందు ఏం జరిగింది అని అడగాలని మా డెస్కులో నేర్పారు. అదే అడుగుదామనుకున్నాను.

ఆసుపత్రి వరండాలో ఒక ముసలాయన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని కూర్చుని ఉన్నాడు. మణికట్టు బాగా వాచింది. ఒంటి మీద ఇస్త్రీ మడతలు నలగని తెల్లచొక్కా. పొద్దున పడవలో జారి పడ్డాడట. బొమ్మలు వెళ్లడం లేదు కాబట్టి మధ్యాహ్నం బస్సుకు బందరు పంపించాలి. అందుకే ఆ చొక్కా.

ఎక్స్‌రే ఆవిడ మాకు టీ పోసింది. నేను అడిగాను:

"బొమ్మలు ఆగిన ముందురోజు ఏం చేశారమ్మా?"

"ఏం చెయ్యలేదండి. ఎప్పట్లాగే తుడిచాను."

"ఏం తుడిచారు?"

"కార్డు."

ఇంజనీరు చేతిలో టీ గ్లాసు నోటి దాకా వెళ్లి ఆగిపోయింది.

ఆవిడ సొరుగులోంచి గులాబీరంగు రబ్బరు తీసి చూపించింది. పిల్లలు పెన్సిలు గీతలు చెరుపుకునేది. సముద్రం పక్కన ఇది అందరి పద్ధతీనట. రొయ్యల చెరువు గట్టు మీద మోటారు పెట్టెల్లో కార్డులు, దుకాణాల్లో కంప్యూటర్లు, ఇళ్లలో టీవీలు, అన్నిటినీ పదిహేను రోజులకోసారి విప్పి, కార్డు అంచున ఉండే బంగారు రంగు పళ్లను రబ్బరుతో రుద్ది మళ్లీ పెడతారు. లేకపోతే పచ్చగా చిలుము పడుతుంది. ఎక్స్‌రే తీగ గుచ్చే పోర్టు సర్వర్లో విడిగా బిగించిన కార్డు మీద ఉంది. ఆవిడ దాన్ని తీసింది, శుభ్రంగా రుద్దింది, పెట్టింది.

"తీసిన చోటే పెట్టారా?" అన్నాడు ఇంజనీరు.

"పక్కన ఇంకో చోటు ఖాళీగా ఉంది కదండీ. అది వదులుగా ఉంది, ఇది బిర్రుగా పట్టింది. దీంట్లో పెట్టాను. పట్టిందిగా?"

పట్టింది. కానీ చోటు మారింది. చోటు మారితే పేరు మారింది. మారిన పేరుకు మేము ఏ పనీ చెప్పలేదు. ఉప్పుగాలికీ రబ్బరు ముక్కకూ మధ్య ఇంత నడిచిందని తెలిసేసరికి చేతిలో పెన్ను లేదే అనిపించింది. నిజమైన కారణం దొరికినప్పుడు రిపోర్టరుకు వచ్చే ఉద్వేగం అది. ఏళ్ల తర్వాత వచ్చింది.

ఇంజనీరు ముఖంలో మాత్రం అది లేదు. "ఇంకమీదట దాన్ని ముట్టుకోకండి. సీలు వేసేస్తాను," అన్నాడు.

"అలాగే తమ్ముడుగారూ, ముట్టుకోను. ఆ సముద్రంగాలికి కూడా ఒక మాట చెప్పి, దానికీ సీలేసి వెళ్లండి."

ఇంజనీరు నావైపు చూశాడు. నేను ఆవిడవైపు చూశాను. సీలు వేస్తే రెండు నెలల్లో చిలుము తినేస్తుందని ముగ్గురికీ తెలుసు. ఆవిడ పద్ధతి మానడానికి వీల్లేదు. పేర్లే ఆ పద్ధతికి తట్టుకోవాలి.

ఇంజనీరు కార్డు తీసి కిటికీ దగ్గర వెలుగులో తిప్పి చూశాడు. దాని మీద చిన్న తెల్ల చీటీ, చీటీ మీద అంకెలూ అక్షరాలూ కలిసిన ఒక సంఖ్య. ఫ్యాక్టరీలోనే ప్రతి కార్డుకూ ఒకటి ఇచ్చి పంపుతారు. ఒకదానిది ఇంకోదానికి ఉండదు. కార్డు ఎక్కడ పెట్టినా అది మారదు.

"దీనికి కడదాం పేరు," అన్నాడు. గొంతు మారింది. "చోటుకి కాదు, కార్డుకే."

"మరి ఒక్కో సర్వర్లో ఒక్కో సంఖ్య. అన్నిటికీ ఒకే పెన్‌డ్రైవ్ ఎలా కుదురుతుంది?" అన్నాను.

"పైగా కార్డే కాలిపోతేనో?" అంది ఆవిడ. "మొన్న పిడుగుకి మా పక్కింటోళ్ల టీవీ ఎగిరిపోయింది. కొత్త కార్డుకి కొత్త సంఖ్య కదండీ. అప్పుడు మళ్లీ మీరు బస్సెక్కాలి."

ఇంజనీరు కార్డు పట్టుకుని కిటికీ గట్టు మీద కూర్చున్నాడు. నేను నాకు తెలిసిన దారిలోనే ఆలోచించాను. ఇద్దరు మనుషుల్లో ఎవరు ఎవరో తెలియకపోతే రిపోర్టరు ఏం చేస్తాడు? పిలుస్తాడు. పలికినవాణ్ని చూస్తాడు.

"పిలిస్తే పలికేది ఏ తీగ?" అన్నాను.

ఇంజనీరు లేచి నిలబడ్డాడు. "ఇంటర్నెట్ పెట్టె పలుకుద్దక్కా. నాకో అడ్రసు ఇవ్వు అంటే ఇస్తుంది. ఎక్స్‌రే మిషను ఇవ్వదు, దానికి ఆ పనే లేదు. ఇన్‌స్టాల్ మొదట్లోనే రెండు పోర్టుల్నీ అడగమందాం. అడ్రసు వచ్చిన పోర్టు బయటది. రానిది లోపలది. ఎవరి సంఖ్య ఏంటో అదే చూసి, అదే రాసుకుంటుంది. కార్డు కాలిపోతే కొత్తది పెట్టి పెన్‌డ్రైవ్ గుచ్చడమే. మళ్లీ పిలుచుకుంటుంది."

"పేర్లు కూడా అవే పెట్టండి మరి," అంది ఆవిడ. "బయట, లోపల. ఏదో ఇంగ్లీషు సంఖ్య పెడితే మీరు ఫోన్లో చెప్పేది నాకెట్లా అర్థమవుద్ది?"

ఇంజనీరు ఎక్స్‌రే గదిలో ఎత్తుబల్ల మీద కూర్చుని, కీబోర్డు ఒళ్లో పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు. ఆవిడ వెనక గదిలో మా ముగ్గురికీ అన్నం పొయ్యి మీద పెట్టింది. వరండాలో ముసలాయన బస్సు ఎన్నింటికని రెండుసార్లు అడిగాడు. ఉండు మావయ్యా, ఈ బస్సు పోతే ఇంకో బస్సు అంది ఆవిడ.

మొదటిసారి గుచ్చినప్పుడు పేర్లు సరిగ్గానే రాసుకుంది. లేచి చూస్తే మళ్లీ పాత రకం పేర్లే. నా ప్రాణం ఉసూరుమంది. ఇంజనీరు మాత్రం ఈసారి వెనక్కి వాలలేదు, ముందుకు వంగాడు. సర్వర్ లేచేటప్పుడు పెద్ద సిస్టం కంటే ముందు ఒక బుల్లి సిస్టం లేస్తుందట. పోర్టులకు పేర్లు పెట్టేసేది అదే. మేము రాయించిన పేర్ల ఫైలు పెద్దదాని దగ్గర ఉంది, బుల్లిదాని దగ్గర లేదు. దానికీ ఒక ప్రతి ఇచ్చాడు.

రెండోసారి గుచ్చాం. అన్నం ఉడికి, ఆవిడ గంజి వార్చి వచ్చేసరికి సర్వర్ లేచింది. తెర మీద రెండు పేర్లు, ఇంగ్లీషు అక్షరాల్లో మన మాటలు. బయట. లోపల.

"ఇప్పుడు మీరు తుడవండి," అన్నాడు ఇంజనీరు.

ఆవిడ అనుమానంగా చూసింది. తర్వాత స్విచ్ తీసి, పెట్టె విప్పి, కార్డు బయటికి లాగి, రబ్బరుతో ఒక్కో పన్నూ ఓపిగ్గా రుద్దింది. రుద్దిన పొడి ఊదింది. కావాలనే పాత చోటు వదిలేసి ఇంకో చోట దిగ్గొట్టింది. స్విచ్ వేసింది. సర్వర్ లేచేదాకా ముగ్గురం తెర ముందే నిలబడ్డాం.

బయట. లోపల. రెండూ ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఇంజనీరు నా చేయి పట్టుకుని ఊపేశాడు. నేనూ ఊపాను. ఆవిడ మమ్మల్ని పట్టించుకోలేదు. వరండాలోకి వెళ్లి, "రా మావయ్యా, చెయ్యి ఇక్కడ పెట్టు," అని ముసలాయన్ని తీసుకొచ్చింది.

బొమ్మ తీసింది. మేము ఫోనుకేసి చూస్తూ నిలబడ్డాం. మోగింది. ఆవిడ స్పీకరులో పెట్టింది.

"బాగా వచ్చిందమ్మా," అన్నారు బందరు డాక్టరు. "సన్నని పగులు, అంతే. కట్టు కట్టేయండి. ఇంత దూరం తీసుకురావద్దు. వల మాత్రం లాగొద్దని చెప్పండి, నెలా పదిహేను రోజులు." ఫోను పెట్టేసేముందు అన్నారు: "ట్రస్టు కమిటీకి నేను ఫోను చేస్తాను. వ్యాను వద్దని చెప్తాను. ఆ మిషను అక్కడే ఉండాలి."

ఆవిడ ఫోను బల్ల మీద పెట్టి, పైటచెంగుతో ఎక్స్‌రే యంత్రం అంచును కాసేపు తుడిచింది. అక్కడ దుమ్మేమీ లేదు. తర్వాత ముసలాయనవైపు తిరిగింది.

"నీకు బందరు ప్రయాణం లేదు మావయ్యా. కట్టు కట్టేస్తాం."

"మరి చొక్కా ఇస్త్రీ చేయించానే," అన్నాడాయన.

"ఆ చొక్కాతోనే ఇంటికెళ్లు. అత్త చూసి మురిసిపోద్ది."

"అదెక్కడ మురుస్తుంది. వల లాగొద్దన్నారంటే నమ్ముతుందా? కట్టు నేనే కట్టుకొచ్చానంటుంది. ఆ బొమ్మ నాకియ్యి."

ఇప్పుడు ఫిల్ములు లేవని ఆవిడ చెప్పబోతుంటే, ఇంజనీరు పక్కనున్న ప్రింటరులో మామూలు కాగితం మీద బొమ్మ అచ్చు తీసి ఇచ్చాడు. ముసలాయన దాన్ని ఎడమచేత్తో కిటికీ వెలుగుకు ఎత్తి, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. ముఖం చిన్నబోయింది.

"ఇందులో విరిగినట్టే లేదే."

ఆవిడ కాగితం తీసుకుని, ఎర్రపెన్నుతో పగులు చుట్టూ గట్టిగా ఒక సున్నా చుట్టి, దానివైపు బాణం గుర్తు గీసి, మళ్లీ ఆయన చేతికిచ్చింది.

"ఆఁ," అన్నాడాయన తృప్తిగా. "ఇప్పుడు విరిగింది."